ఒక్కరోజు కల్లు, ఏళ్ల తరబడి జిన్

తెల్లవారుజామున ఈతచెట్టు మీంచి దించిన లొట్టిలో కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ నురగ లేస్తుంది. పొద్దుగూకే వేళకు ఘాటెక్కుతుంది. మర్నాటికి పులిసిపోయి నోట పెట్టలేం. దాని ఆయుష్షు మొత్తం 24 గంటలు. వైన్స్ షాపు అరలో నిలబడ్డ జిన్ సీసా మీద మాత్రం 42.8 శాతం అని అచ్చు వేసి ఉంటుంది. మూత విప్పకుంటే పదేళ్ల తర్వాత తీసినా అట్లనే ఉంటుంది.

ఒక మత్తుకు బొమ్మలు, పోస్టర్లు, బ్రాండ్లు ఎందుకు పుట్టాయి, ఇంకో మత్తుకు దేవత, కథ, పాట ఎందుకు మిగిలాయి అని అడిగితే జవాబు చాలావరకు ఈ రెండు అంకెల్లోనే దొరుకుతుంది. నిల్వ ఉండేది దూరం పోతుంది. దూరం పోయేదానికి పేరు కావాలి, పేరుకు ప్రచారం కావాలి. ఒక్కరోజులో చెడిపోయేదాన్ని మాత్రం గీసిన మనిషి ముఖం చూసి కొనుక్కుంటారు. పరిగి నుంచి కొడంగల్ పోయే దారిలో, బొంరాస్‌పేట మండలంలో నిలబడి చూసినా, 18వ శతాబ్దపు లండన్‌లో నిలబడి చూసినా ఈ లెక్క మారదు.

ముందు ఆ 42.8 సంగతి తేల్చుకుందాం. పాతకాలంలో ఇంగ్లండ్‌లో సారాయి గట్టిదో కాదో తేల్చడానికి తుపాకిమందును అందులో తడిపి నిప్పు పెట్టేవారని చెబుతారు. తడిసినా మందు అంటుకుంటే సరుకు అసలైనదని రుజువు. ఆ హద్దే తర్వాత లెక్కకెక్కి 57.1 శాతం ఆల్కహాల్ అయింది, ‘ప్రూఫ్’ అని పేరు తెచ్చుకుంది. మన దేశంలో విస్కీ, బ్రాందీ, రమ్, జిన్ ఏదైనా సరే, ప్రూఫ్ కంటే 25 పాళ్లు తగ్గించి అమ్మడం ఆనవాయితీ. లేబుల్ మీద ‘25 యు.పి.’ అని కనిపించేది అదే. 57.1లో నాలుగింట మూడు పాళ్లు కట్టి చూడండి, 42.8 వస్తుంది. బ్రిటన్ ఈ ప్రూఫ్ లెక్కను 1980లో వదిలేసి నేరుగా శాతాల్లోకి మారింది. మన లేబుళ్ల మీద అది ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు కల్లు. చెట్టు నుంచి కారే నీరాలో చక్కెర సుమారు 10 నుంచి 15 శాతం ఉంటుంది. గాలిలోని, లొట్టికి పట్టి ఉన్న ఈస్టు, బ్యాక్టీరియా కలిసి ఆ చక్కెరను కొద్ది గంటల్లోనే ఆల్కహాల్ చేసేస్తాయి. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పని ఆగుతుంది, నీరా నీరాగానే ఉంటుంది. పూయకపోతే పూటలో 4, 5 శాతానికి చేరుతుంది. అక్కడితో ఆగదు, ఆ ఆల్కహాలే పులిసి వెనిగర్ దారి పడుతుంది.

‘కల్లు పాలలాంటిది, ఏం కాదు’ అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్ల కోసం ఒక చిన్న గుణకారం. మిల్లీలీటరు ఎథనాల్ బరువు 0.789 గ్రాములు. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం కల్లు పోస్తే అందులో ఎథనాల్ 25.6 గ్రాములు. 60 మిల్లీలీటర్ల జిన్ పెగ్గులో 20.3 గ్రాములు. అంటే ఒక సీసా కల్లు ఒక పెద్ద పెగ్గు జిన్ కంటే ఎక్కువే. 8 శాతం స్ట్రాంగ్ బీరు సీసాలో 41 గ్రాములు, 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 61. మూడు సీసాల కల్లు తాగినవాడు క్వార్టర్ దాటేసినట్టే. తేడా ఒక్కటే, కల్లు తాగినవాడి కడుపులోకి దాదాపు రెండు లీటర్ల నీళ్లు కూడా పోతాయి కనుక ఆ మోతాదు చేరడానికి చాలాసేపు పడుతుంది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. ఆ మాటలో కల్లుకు మినహాయింపు ఏమీ లేదు.

లండన్‌లో ఒక షిల్లింగు బొమ్మ

జిన్ పుట్టిల్లు హాలండ్. జూనిపర్ కాయల వాసన పట్టించిన ధాన్యం సారాయి అది. డచ్చి రాకుమారుడు విలియం ఇంగ్లండ్ సింహాసనం ఎక్కాక, 1690లో తెచ్చిన చట్టంతో సారాయి బట్టీ పెట్టడం దాదాపు ఎవరికైనా వీలైంది. ఫ్రెంచి బ్రాందీని దెబ్బతీయాలి, భూస్వాముల ధాన్యం అమ్ముడుపోవాలి, ఖజానాకు సుంకం రావాలి. ఈ మూడూ కలిసి లండన్ పేదల చేతిలో జిన్ గ్లాసు పెట్టాయి. 1743 నాటికి ఇంగ్లండ్‌లో తలకు ఏడాదికి 2 గ్యాలన్ల పైన, అంటే సుమారు 8 లీటర్లు తాగేవారని అంచనా. చంటిపిల్లలను కూడా లెక్కలో కలిపితే వచ్చిన సగటు ఇది.

మధ్యలో ప్రభుత్వం 1736లో ఒక చట్టం చేసింది. చిల్లరగా జిన్ అమ్మాలంటే ఏడాదికి 50 పౌన్ల లైసెన్సు. అది అప్పటి కూలివాడికి ఏడాది కష్టం కంటే ఎక్కువ. లైసెన్సు తీసుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతా అమ్మకం అంతా చాటుమాటుకు పోయింది. పట్టించినవాళ్లకు బహుమతి ఇస్తామంటే, పట్టించినవాళ్లను జనం వీధిలో తరిమి కొట్టారు. 1743లో ఆ చట్టాన్ని ఎత్తేయక తప్పలేదు. మన దగ్గర మద్యనిషేధం గురించి మాట్లాడేవాళ్లంతా ఈ ఏడేళ్ల కథను ఒకసారి చదవాలి.

1751 ఫిబ్రవరిలో విలియం హోగార్త్ ‘జిన్ లేన్’ అనే చెక్కుడు బొమ్మను, దానికి జతగా ‘బీర్ స్ట్రీట్’ను అచ్చేసి అమ్మాడు. ఒక్కో ప్రతి ఒక షిల్లింగు. ‘జిన్ లేన్’ను దగ్గరగా చూడండి. మధ్యలో మెట్ల మీద కూర్చున్న తల్లి ముక్కుపొడి తీసుకుంటోంది, చంకలోని బిడ్డ జారి కింద పడుతోంది. ఆమెకు తెలియలేదు. పక్కన తాకట్టు దుకాణం. వడ్రంగి తన రంపాన్ని, ఒక ఇల్లాలు తన వంటపాత్రలను అక్కడ కుదువ పెడుతున్నారు. కింద నేలమాళిగ గుమ్మం మీద బోర్డు. ఒక పెన్నీకి మత్తు, రెండు పెన్నీలకు ఒళ్లు తెలియని మత్తు, పడుకోవడానికి గడ్డి ఉచితం అని దాని సారాంశం. జిన్ చరిత్రలో అందరికీ గుర్తున్న తొలి ప్రకటన నిజానికి జిన్‌కు వ్యతిరేకంగా గీసిన ఈ బొమ్మలో ఉండటం నాకు భలే అనిపిస్తుంది.

జత బొమ్మలో పరిస్థితి తారుమారు. ‘బీర్ స్ట్రీట్’లో అందరూ బొద్దుగా, హాయిగా ఉన్నారు. ఇల్లు కూలిపోతున్నది ఒక్క తాకట్టు వ్యాపారిదే. బీరు మన పల్లె పంట, జిన్ పరాయి విషం అన్నది హోగార్త్ వాదన. రెండింట్లో ఉన్నది ఒకే ఎథనాల్ అన్న సంగతి బొమ్మలోకి రాలేదు. నవలాకారుడు, మేజిస్ట్రేటు హెన్రీ ఫీల్డింగ్ కూడా అదే ఏడాది దొంగతనాలు పెరగడానికి జిన్‌ను తప్పుపడుతూ పుస్తకం రాశాడు. 1751 వేసవిలో వచ్చిన కొత్త చట్టం బట్టీదారులు లైసెన్సు లేని దుకాణాలకు సరుకు ఇవ్వకూడదంది. ఆ తర్వాత ధాన్యం ధరలు పెరిగాయి, వాడకం పడిపోయింది. చట్టం పాలెంత, పంటల పాలెంత అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా నడుస్తున్న తగాదా.

వందేళ్లు తిరిగేసరికి జిన్ వేషం మార్చింది. 1830ల లండన్‌లో గ్యాసుదీపాలు, నిలువుటద్దాలతో జిన్ మేడలు లేచాయి. 1769 నాటి గోర్డన్స్, 1830 నాటి టాంకరే కంపెనీలు పేరు నమ్మి కొనే బ్రాండ్లయ్యాయి. జార్జ్ క్రుక్‌షాంక్ 1847లో ‘ది బాటిల్’ పేరుతో 8 బొమ్మల వరుస గీసి ఒక కుటుంబం తాగుడుకు ఎలా కూలిందో చూపించాడు. బొమ్మలు బాగా అమ్ముడుపోయాయి. జిన్ కూడా అమ్ముడుపోతూనే ఉంది.

తాండూరు మీదుగా వచ్చిన పెట్టెలు

జిన్ మన నేలకు తెల్లదొరల దండుతో వచ్చింది. సికింద్రాబాద్ దండు 1806లో వెలిసింది. దొరలను ఇక్కడ మలేరియా వణికించింది. దానికి మందు సింకోనా బెరడు నుంచి తీసే క్వినైన్, అది చేదు విషం. చక్కెర, సోడా కలిపి మింగేవారు. 1858లో ఎరాస్మస్ బాండ్ అనే లండన్ వ్యాపారి టానిక్ నీళ్లకు పేటెంటు తీసుకున్నాడు. 1870 ప్రాంతంలో ష్వెప్స్ కంపెనీ తన టానిక్‌కు ఇండియా పేరు తగిలించి అమ్మింది. అందులో జిన్ పోసుకుంటే మందు, మత్తు రెండూ ఒకే గ్లాసులో. 1874లో వాడి నుంచి హైదరాబాద్‌కు నిజాం రైలు నడిచాక, బొంబాయి రేవులో దిగిన సీసాల పెట్టెలు సికింద్రాబాద్ చేరడానికి తాండూరు, వికారాబాద్ స్టేషన్లు దాటి పోవాల్సిందే.

అదే సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గరి ఒక బంగళాలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. జిన్ టానిక్ ఏ జబ్బు పేరు చెప్పుకుని పెరిగిందో ఆ జబ్బు గుట్టు విప్పింది మన ఊరే.

మందు కథను ఒక్క అంకె తేల్చేస్తుంది. ఇప్పటి టానిక్ నీళ్లలో అమెరికా అనుమతించే క్వినైన్ లీటరుకు 83 మిల్లీగ్రాములు. మలేరియా రోగికి రోజుకు కావాల్సింది సుమారు 1,800 మిల్లీగ్రాములు. అంటే రోజుకు 21 లీటర్ల పైన టానిక్ తాగాలి. జిన్ టానిక్‌ను మందనుకుని తాగేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే ఈ లెక్క వాళ్లకు వినిపించండి.

కథ మాత్రం అమ్ముడుపోతూనే ఉంది. 1980లలో నీలం గాజు సీసాలో, విక్టోరియా రాణి బొమ్మతో ‘బాంబే సఫైర్’ దిగింది. పేరు బొంబాయిది, తయారీ ఇంగ్లండ్‌ది. అమ్మేది రాజ్ కాలపు వరండా మీది కలను. 2017 నుంచి గోవాలో ‘గ్రేటర్ దాన్’, ‘స్ట్రేంజర్ అండ్ సన్స్’ లాంటి మన కంపెనీల జిన్‌లు పుట్టి ఆ కలను కొంత ఇటువైపు తిప్పాయి.

కల్లుకు పోస్టరు లేదు, పటం ఉంది

ఇక మన వైపు చూద్దాం. బొంరాస్‌పేట పక్కనే, ఇప్పుడు దుద్యాల మండలంలో ఉన్న పోలేపల్లిలో ఎల్లమ్మ జాతర జరుగుతుంది. కర్ణాటక నుంచి కూడా జనం దిగుతారు. రేణుకా ఎల్లమ్మ తెలంగాణలో గౌడుల ఇలవేల్పు. బైండ్లవాళ్లు జమిడిక మోగిస్తూ ఎల్లమ్మ కథ చెబుతారు. కల్లుతో సాక పోయనిదే పండుగ పూర్తి కాదు. గీసేవాళ్లకు ఇంకో దేవుడు కాటమయ్య, చెట్టెక్కినవాణ్ణి కాపాడేవాడు. తాడి మీదికి మోకు, ముస్తాదుతో రోజూ రెండుపూటలా ఎక్కి దిగే మనిషికి దేవుడు అక్కరకు వస్తాడు. కాలు జారితే తర్వాతిది ఎక్స్‌గ్రేషియా కాగితమే. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికులకు ఇచ్చిన రక్షణ కిట్లకు ‘కాటమయ్య’ పేరే పెట్టింది.

బొమ్మ విషయానికొస్తే మనకు చేర్యాల నకాషీ పటాలున్నాయి. మూడడుగుల వెడల్పు, 40 నుంచి 60 అడుగుల పొడవు. గౌడజెట్టీలు అలాంటి పటం విప్పుకుంటూ గౌడ పురాణం చెప్పేవారు. హోగార్త్ బొమ్మ వేల ప్రతులు అచ్చయి అంగడిలో షిల్లింగుకు దొరికింది. చేర్యాల పటం ఒక్కటే ప్రతి. చెప్పేవాళ్లు దాన్ని ఊరూరా మోసుకుపోయేవారు. వినేవాళ్లు కథలోని వాళ్లే. కల్లు ఎంత దూరం పోగలదో దాని కళ కూడా అంత దూరమే పోయింది.

కల్లు గీసే ఇంట్లో పుట్టిన సర్వాయి పాపన్న 1708లో వరంగల్ కోట మీద పడ్డాడు, 1710లో చిక్కాడు. అతని మీద జనం పాడుకున్న కథాగేయాన్ని జె.ఎ. బాయిల్ 1874లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’లో అచ్చేశాడు. అమెరికన్ చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ దక్కను సామాజిక చరిత్ర రాస్తూ ఎనిమిది జీవితాలను ఎంచుకుంటే అందులో పాపన్న ఒకడు. మన కాలంలో కలాల్ లక్ష్మాగౌడ్ ఉన్నారు. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు, పల్లె మనుషులను, మేకలను చెక్కుడు బొమ్మల్లోకి తెచ్చారు, 2016లో పద్మశ్రీ అందుకున్నారు. పేరు ముందున్న ‘కలాల్’ కల్లు, సారా అమ్మే వృత్తిది.

నాటకం, సినిమా మత్తును ఎక్కువగా సారా వైపు నుంచే చూశాయి. గురజాడ ‘కన్యాశుల్కం’లో సారా దుకాణం రంగం నవ్విస్తూనే కులాల, వేషాల గుట్టు విప్పుతుంది. కాళ్లకూరి నారాయణరావు ‘మధుసేవ’ పేరుతో ఏకంగా ఒక నాటకమే రాశారు. 1953 ‘దేవదాసు’తో అక్కినేని చేతిలోని సీసా, పక్కనున్న కుక్క తెలుగువాళ్ల విషాదానికి గుర్తయిపోయాయి. తాగుబోతు కళ్లు కనిపించడానికి రాత్రిపూట పెరుగన్నం కడుపునిండా తిని, నిద్రమత్తుతో నటించేవారని చెప్పుకుంటారు. 2023లో వచ్చిన ‘దసరా’ సిల్క్ బార్ చుట్టూ ఊరి రాజకీయాన్ని, కుల అంతరాన్ని తిప్పింది. అదే ఏడాది ‘బలగం’లో చావు ఇంటి తెలంగాణ ఉంది. చనిపోయినవాడికి ఇష్టమైన ముక్క, మందు కాకికి పెట్టే ఆచారాన్ని సిగ్గుపడకుండా చూపించిన సినిమా అది.

పాలిథీన్ సంచిలోకి ఎక్కిన సారా

మన ‘జిన్ లేన్’ మాత్రం సారా. నిజాం రాజ్యంలో 1316 ఫసలీ ఆబ్కారీ చట్టం ఉండేది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం, అంటే 1906. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 1968లో వచ్చేదాకా తెలంగాణలో గుత్తేదారు రాజ్యం ఆ చట్టం కిందే సాగింది. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారే సారాను పాలిథీన్ ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపింది. సీసా పగిలే భయం లేదు, మోత బరువు లేదు, కూలి ముగిసిన మనిషికి చేను గట్టు మీదే దొరికేది. ప్రచారం అవసరం లేకుండా సరుకును గడప దాకా తెచ్చిన తెలివి అది. ఉమ్మడి రాష్ట్రంలో ఆబ్కారీ రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలు, 1991-92లో 812 కోట్లు. 21 ఏళ్లలో దాదాపు 21 రెట్లు.

దానికి జవాబు కూడా ఒక పుస్తకంలోంచే వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు వాచకంలో ‘సీతమ్మ కథ’ చదివారు. మొగుళ్ల తాగుడుతో విసిగిన ఆడవాళ్లు ఏకమైన కథ. చదివినవాళ్లు లేచి ఊళ్లో సారా దుకాణం మూయించారు. హోగార్త్ బొమ్మను కొన్నది షిల్లింగు పెట్టగల నడిమి తరగతి వాళ్లు. సీతమ్మ కథ చదివింది నేరుగా ఆ ‘లేన్’లో బతుకుతున్నవాళ్లు. అందుకే ఇక్కడ ఫలితం వేగంగా వచ్చింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం. 1994 డిసెంబర్ 12న ప్రమాణం చేసిన రోజే ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. 1997లో సడలించారు. కొడంగల్, తాండూరు వైపు ఊళ్లకు కర్ణాటక కూతవేటు దూరం. ఒక రాష్ట్రం తలుపేస్తే పక్క రాష్ట్రం కిటికీ తెరిచే ఉంది. కర్ణాటక తన సారాను మూసింది 2007 జూలైలో.

ప్రకటన లేకుండా అమ్మకం

1994 కేబుల్ టీవీ నిబంధనల్లో ఏడో నిబంధన మద్యం ప్రకటనలు టీవీలో కూడదంది. కంపెనీలు సోడా, మ్యూజిక్ సీడీలు, క్యాలెండర్ల పేరుతో అవే లోగోలు చూపిస్తూ వచ్చాయి. హోగార్త్ కాలంలో వ్యతిరేక బొమ్మ జిన్‌కు ప్రచారమైతే, మన కాలంలో మంచినీళ్ల సీసా ఆ పని చేస్తోంది. అయినా ఊళ్లో మనిషికి వీటితో పని లేదు. అసలు ప్రకటన దుకాణం లైసెన్సే, దాని చుట్టూ పుట్టే బెల్టు షాపే.

లెక్క చూడండి. తెలంగాణలో మద్యం దుకాణాలు 2,620. రెండేళ్లకు ఒకసారి లాటరీ. 2023లో దరఖాస్తు రుసుము 2 లక్షలు, దరఖాస్తులు లక్షా 31 వేల పైన, రాబడి 2,600 కోట్ల పైన. 2025లో రుసుము 3 లక్షలు చేస్తే దరఖాస్తులు సుమారు 95 వేలకు తగ్గాయి, రాబడి మాత్రం 2,850 కోట్ల దాకా వచ్చింది. ఒక్కో దుకాణానికి సగటున 36 మంది పోటీ. రుసుము తిరిగి ఇచ్చేది కాదు. ఒక్క చుక్క అమ్మకముందే వచ్చిన డబ్బు ఇది. దుకాణాల్లో 15 శాతం గౌడులకు, 10 శాతం ఎస్సీలకు, 5 శాతం ఎస్టీలకు. 2,620లో 15 శాతం అంటే 393. కల్లు గీసిన కులానికి సర్కారు చూపిన కొత్త వృత్తి ఇదన్నమాట.

ఏటా కట్టే లైసెన్సు పన్ను జనాభాను బట్టి ఉంటుంది. 5 వేల లోపు జనం ఉన్న చోట 50 లక్షలు, 5 వేల నుంచి 50 వేల దాకా 55 లక్షలు. 50 లక్షలను 365తో భాగిస్తే రోజుకు 13,700 రూపాయలు. షట్టర్ ఎత్తగానే ఆ మేర బాకీ. 5 వేల మంది ఊరైతే పసిపిల్లతో సహా తలకు ఏడాదికి 1,000 రూపాయలు లైసెన్సుకే రావాలి. సరుకు ధర, జీతాలు, అద్దె, లాభం దాని మీద. 1736 నాటి లండన్ లైసెన్సు 50 పౌన్లు, ఇక్కడ 50 లక్షలు. అక్కడ అది అమ్మకం ఆపడానికి పెట్టింది, ఇక్కడ అమ్మి తీరేలా చేస్తోంది. బెల్టు షాపుల మీద ఎన్ని దాడులు జరిగినా అవి ఎందుకు మళ్లీ మొలుస్తాయో ఈ 13,700 చెబుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం తాగుతారు. దేశ సగటు 18.8. ఆడవాళ్లలో ఇక్కడ 6.7, దేశంలో 1.3. మన పల్లెల్లో ఆడవాళ్ల అంకె ఇంకా ఎక్కువ, దాదాపు 9. ఆ 9 వెనుక కల్లు ఉందని నా నమ్మకం. కల్లు మండువ దగ్గర ముసలమ్మ గ్లాసు పట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. ఆమె వైన్స్ ముందు నిలబడితే చూస్తారు.

చెట్లు లేని చోట కల్లు

24 గంటల లెక్కను ఎగ్గొట్టాలనుకున్న రోజే కల్లుకు చేటు మొదలైంది. తాగేవాళ్లు పెరిగారు, తాళ్లు, ఈతలు తగ్గాయి. చెట్టు ఇచ్చేది పెంచలేం. నీళ్లలో శాక్రిన్, నురగకు పొడి, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ కలిపితే మాత్రం ఎంతైనా తయారవుతుంది. ఆల్ప్రాజోలమ్ ఆందోళన తగ్గించడానికి ఇచ్చే మందు. రోజూ తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు, పిచ్చిచేష్టలు వస్తాయి. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆస్పత్రులు అలాంటివాళ్లతో నిండాయి, కొందరు చనిపోయారు. బొంరాస్‌పేట అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది, వికారాబాద్ జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరులో. 2021 జనవరిలో వికారాబాద్, నవాబుపేట మండలాల ఊళ్లలో కల్తీ కల్లు తాగి వంద మందికి పైగా మంచాన పడ్డారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో ప్రాణాలు పోయాయి.

హైదరాబాద్‌లో 2004లో మూసిన కల్లు దుకాణాలను 2014లో తెరిచారు. 2023 మేలో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ వచ్చింది. నీరాను చల్లగా ఉంచి, పేరు పెట్టి, సీసాలోకి ఎక్కించే ప్రయత్నం అది. జిన్ మూడు వందల ఏళ్ల కింద దాటిన మెట్టును కల్లు ఇప్పుడు ఫ్రిజ్ సాయంతో ఎక్కాలని చూస్తోంది. ఎక్కితే మంచిదే, కానీ చెట్టు ఎవరు పెడతారన్నది తేలాలి. తాటి విత్తు నాటితే గీతకు రావడానికి పన్నెండేళ్ల పైనే పడుతుంది. మద్యం లైసెన్సు గడువు రెండేళ్లు. సర్కారు ఏ లెక్క వైపు చూస్తుందో చెప్పనక్కర్లేదు.

తాగడం, మానడం మీ ఇష్టం. కల్లు తాగేవాళ్లు మాత్రం ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. పొద్దున తెచ్చింది సాయంత్రానికి కూడా తియ్యగానే ఉంటే, ఎండాకాలమైనా వానాకాలమైనా ఒకే రుచితో, ఎన్ని సీసాలు అడిగినా దొరుకుతుంటే అది చెట్టు నుంచి వచ్చింది కాదు. ఇంట్లో ఎవరికైనా కల్లు ఆపగానే వణుకు, మూర్ఛ, మతి తప్పడం కనిపిస్తే మళ్లీ కల్లు పోయకండి, దయ్యం పట్టిందని తిప్పకండి. 108కి ఫోన్ చేసి, ఎక్కడి కల్లు ఎన్నాళ్లుగా తాగుతున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.